రంగా వర్కరౌండూ, నా కడుపుమంటా

మా అత్తగారి ఊళ్ళో నాకో కొత్త పేరొచ్చింది, తెలుసా? 'నీళ్ళాపిన అల్లుడు'! బేస్తవారిపేటలో బస్సు దిగితే చాలు, టీ బంకు దగ్గర కూచున్నోళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకొని నవ్వుకుంటున్నారు. నేనేమన్నా కాలవకు అడ్డం కట్టినానా? ఎవరి పొలం నీళ్ళన్నా మళ్ళించినానా? ఎక్కడో సముద్రాల అవతల ఉన్న ఒక కంప్యూటర్‌కి ఒకే ఒక్క కమాండ్ ఇచ్చినాను, అంతే. దానికీ బేస్తవారిపేట నీళ్ళకీ ఏంది సంబంధం అంటారా? కూచోండి, చెప్తా.

ముందు మా రంగా సంగతి చెప్పాలి. రంగా నా తోడల్లుడు. అక్క పద్మ నా భార్య, చెల్లెలు లలిత వాడి భార్య. మేం మార్కాపురంలో, వాళ్ళు గిద్దలూరులో, అత్తామామలు మధ్యలో బేస్తవారిపేటలో. నేనూ రంగా ఒకటే కంపెనీ, ఒకటే టీమ్, ఇద్దరమూ ఇంటి నుంచే పని. అసలు వాణ్ణి ఆ కంపెనీలో చేర్పించిందే నేను! రెజ్యూమే దిద్దింది నేను. ఇంటర్వ్యూకి టై ముడి వేయడం నేర్పింది నేను. ఆ టై ఇప్పుడు నా మెడకే బిగుసుకుంది.

మా పని మెయిన్‌ఫ్రేమ్ మీద. బీరువా అంత పెద్ద కంప్యూటర్ అనుకోండి. ఒక ఇన్సూరెన్స్ కంపెనీ పనంతా దాని మీదే నడుస్తుంది. ఆ బీరువా బయటి ప్రపంచంతో మాట్లాడాలంటే నెట్‌వర్క్ కార్డులు కావాలి. ఆ కార్డుల్లో ఒక సదుపాయం ఉంది. పెద్ద ఫైలు ఒకటి చేతికిస్తే, కార్డే దాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోసి బయటికి పంపిస్తుంది. మిషన్‌కి ఆ కోత శ్రమ తప్పుతుంది. మా నాయన మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో పనిచేసినాడు కాబట్టి నాకు ఇట్ల అర్థమవుతుంది: పెద్ద రాయిని అట్లనే గేటు దగ్గరికి పంపిస్తే, గేటు దగ్గరున్నోడే పలకలుగా కోసి లారీకెక్కిస్తాడు. బాగుంది కదా? మరి ఆ గేటు దగ్గరోడి చెయ్యి వణికితే? లారీ నిండా పగిలిన పలకలే!

సరిగ్గా అదే జరిగింది. మా పాత కార్డులో ఆ కోసే సదుపాయం చెడింది. చిన్న మెసేజీలు చక్కగా పోతున్నాయి, పెద్ద ఫైళ్ళు మాత్రం సగంలో ఆగిపోతున్నాయి. అందరం తల పట్టుకున్నాం. నేను రూటర్ అన్నాను, ఫైర్‌వాల్ అన్నాను, అవతలి కంపెనీ వాళ్ళది తప్పన్నాను. రంగా మాత్రం గిద్దలూరులో వాడింట్లో వాడు నిమ్మళంగా కూచొని, ఒక సాయంత్రం మేనేజర్ ఉన్న కాల్‌లో, "మేడం, ఆ కార్డుని కోయొద్దని చెప్దాం. మిషనే కోసుకొని ఇస్తది. కార్డు బాగు చేసే ఫిక్స్ వచ్చేదాకా ఇట్ల నడిపిద్దాం" అన్నాడు. ఒక సెట్టింగ్ ఆఫ్ చేసినాడు. ఫైళ్ళన్నీ గడగడా పోయినాయి.

మా మేనేజర్ సునీత మేడం హైదరాబాదులో ఉంటుంది. సామాన్యంగా ఆమె నోట్లోంచి 'ఓకే' తప్ప ఇంకో మాట రాదు. అట్లాంటి మనిషి, "రంగా, బ్రిలియంట్!" అనింది. మర్నాటి నుంచి గ్రూపులో, మెయిల్స్‌లో, క్లయింట్ మీటింగ్‌లో అంతా ఒకటే పేరు. 'రంగా వర్కరౌండ్'. వర్కరౌండ్ అంటే అసలు రిపేరు అయ్యేదాకా పని నడిపించే అడ్డదారి. రంగా వర్కరౌండ్ ఆన్‌లో ఉందా? రంగా వర్కరౌండ్ అప్లై చేసినారా? క్లయింట్ దొరసాని ఒకామె పాపం నోరు తిరగక 'ర్యాంగా, ర్యాంగా' అంటుంటే నా కడుపులో పొయ్యి రాజేసినట్టయింది.

అవునండీ, కుళ్ళే. దాచుకునేదేముంది? గ్రూపులో వాడికి చప్పట్ల బొమ్మ పెట్టినాను. పెట్టిన వేలిని చూసుకొని నాకే అసహ్యమేసింది.

కుళ్ళుకి ఇంకో కారణం కూడా ఉంది. మా టీమ్ లీడ్ వేరే ప్రాజెక్ట్‌కి పోతున్నాడు, ఆ కుర్చీ ఖాళీ అవుతోంది. సీనియర్‌ని నేను. పేరు వాడిది. వాడు లీడ్ అయినాడనుకోండి, నా లీవులు వాడు అప్రూవ్ చేయాలి! నా భార్య చెల్లెలి మొగుడికి నేను 'ప్లీజ్ అప్రూవ్' అని మెయిల్ పెట్టాలి! ఆ మెయిల్ తలుచుకుంటే నాకు అన్నం దిగలేదు.

దానికి తోడు మా మామ ఫోను.

"ఏం అల్లుడా, చిన్నల్లుడు బ్యాంకు మిషన్ బాగు చేసినాడంట గదా!"

"బ్యాంకు కాదు మామా, ఇన్సూరెన్స్."

"అదేలే, ఏదో ఒకటి. ఊరంతా చెప్పినా. నిన్న ఒకాయన ఏటీఎం కార్డు పట్టుకొని వచ్చినాడు, మీ అల్లుడొస్తే చూడమనండి అని. సరే గానీ, ఆ పనిలో నువ్వేం చేసినావు?"

"నేను... అంతా చూసుకుంటున్నా మామా."

"ఊఁ" అన్నాడు. ఆ ఊఁ అనడంలోనే నా మార్కులు వేసేసినాడు.

ఇక ఊరుకుంటానా? రంగా వర్కరౌండ్‌లో లోపం ఎక్కడుందా అని వెతికినాను. దొరికింది! కోత పని మిషనే చేసుకుంటోంది కాబట్టి మిషన్ మీద భారం పెరిగింది. గ్రాఫ్ పైకి పోయింది. ఆ పెరిగిన గీతను చూసి నాకు ఎంత సంతోషమేసిందంటే, పద్మని ఇంకో కప్పు కాఫీ అడిగినాను. "ఏంది, ప్రమోషన్ వచ్చిందా?" అనింది. "రంగా వర్కరౌండ్‌లో లోపముంది" అన్నాను. పద్మ కాఫీ చక్కెర లేకుండా ఇచ్చింది.

నా ప్లాన్ సులువైనదే. ఆ మిషన్‌కి ఇంకో కార్డుంది, కొత్త రకం. దాని చెయ్యి వణకదు. పాత కార్డు ఆపేసి, రాకపోకలన్నీ కొత్త కార్డు మీదికి మళ్ళించి, కోసే సదుపాయం మళ్ళీ ఆన్ చేస్తే సరి. ఫైళ్ళూ పోతాయి, భారమూ తగ్గుతుంది. స్లైడ్లు తయారుచేసినాను. మొదటి స్లైడు మీద 'కేశవ్ వర్కరౌండ్' అని రాసి, అక్షరాలు ఎంత పెద్దవి చేయొచ్చో అంత పెద్దవి చేసినాను.

సునీత మేడం చూసింది. "ఐడియా బాగుంది కేశవ్. ముందు టెస్ట్ సిస్టమ్‌లో చెయ్యి. ఆదివారం మధ్యాహ్నం టైమ్ ఇస్తా. రెండింటికల్లా టెస్టింగ్ వాళ్ళు లాగిన్ అవుతారు, అప్పటికి సిస్టమ్ రెడీగా ఉండాలి. ఇది సక్సెస్ అయితే, లీడ్ సంగతి మాట్లాడదాం" అనింది.

చాలు! కుర్చీ నాదే అనుకున్నాను. శనివారం రంగా ఫోన్ చేసినాడు.

"అన్నా, ఈ వారం ఆన్‌కాల్ నేనే. నీ స్టెప్స్ ఒకసారి పంపియ్, చూస్తా."

"ఎందుకులే తమ్ముడా, చిన్న పనే."

"ఒక కన్ను వేస్తా అంతే అన్నా."

కన్ను వేస్తాడంట! కన్ను వేసి, రేపు 'కేశవ్-రంగా వర్కరౌండ్' అంటే? "అక్కర్లేదు" అని పెట్టేసినాను.

ఆ ఆదివారమే బేస్తవారిపేటలో మా మామ ఇంట్లో విందు. ఇంటి వెనక దొడ్లో బోరు వేయిస్తే నీళ్ళు పడినాయి. మాది కరువు ప్రాంతం, మా వైపోళ్ళకైతే ఈ ముక్క విప్పి చెప్పాల్సిన పని లేదు. ముందు వేయించిన బోర్లలో దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఈసారి నీళ్ళు ఎగజిమ్మితే మామ ఆ నీళ్ళలో నిలబడి తడిసి, తుడుచుకోకుండానే మా అందరికీ ఫోన్లు చేసినాడు. పొట్టేలు కోయించినాడు. వీధంతా బిందెలు తెచ్చుకొని పట్టుకోండని చాటింపు వేసినంత పని చేసినాడు.

నా పని మార్కాపురంలో ఇంట్లోనే ముగించుకొని పోవచ్చు. కానీ ఇంట్లో చేస్తే మామకెట్ల కనపడుతుంది? అందుకే లాప్‌టాప్ చంకన పెట్టుకొని పోయినాను. నడి హాల్లో మంచం మీద తెరిచినాను. హెడ్‌సెట్ తగిలించుకున్నాను. చుట్టాలు తొంగి చూస్తున్నారు. మామ వచ్చి పక్కన నిలబడినాడు. రంగా గడప దగ్గర గోడకానుకొని పచ్చి ఉల్లిగడ్డ కొరుక్కుంటున్నాడు. నా గుండె ఇంత వెడల్పయింది.

లోపల్నుంచి మా అత్త, "కేశవా, తొందరగా కానియ్ నాయనా, కూర దించేసినా" అనింది. ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. పెద్దల్లుడు విస్తరి ముందు కూచోందే ఎవరూ ముద్ద ముట్టరు. "రెండు నిమిషాలత్తా!" అన్నాను.

కాల్‌లో సునీత మేడం ఉంది. "స్టార్ట్ చేస్తున్నా మేడం" అని, మామకి కనిపించేట్టు చెయ్యి కొంచెం పైకెత్తి మరీ ఎంటర్ కొట్టినాను. మొదటి కమాండ్: పాత కార్డు ఆపు.

స్క్రీన్ కదల్లేదు.

ఇంకోసారి కొట్టినాను. ఊహూఁ. ఎంటర్ మీద ఎంటర్. కర్సర్ అట్లనే నిలబడి నన్ను చూస్తోంది.

"ఏమైంది అల్లుడా?" అన్నాడు మామ.

"సిగ్నల్ మామా. ఈ ఇంట్లో వైఫై సరిగ్గా లేదు." ఆ వైఫై పెట్టించింది రంగా. అందుకే ఆ మాట కొంచెం గట్టిగానే అన్నాను.

"అందరూ ఫోన్లు ఆపండి!" అన్నాను. పాపం ఆపినారు. ఒక పెద్దాయన తన ఫోన్ ఆపడం తెలియక బ్యాటరీ ఊడదీసినాడు. స్క్రీన్ కదల్లేదు. టీవీ ఆపించినాను. వంటింట్లో మిక్సీ ఆపించినాను. లాప్‌టాప్ ఎత్తుకొని కిటికీ దగ్గరికి, అక్కణ్ణుంచి వరండాలోకి, అక్కణ్ణుంచి మేడ మెట్ల మీదికి పోయినాను. నా వెనకాలే మామ, మామ వెనకాల చుట్టాలు. మళ్ళీ అందరం హాల్లోకి దిగినాం.

"కేశవ్, స్టేటస్?" మేడం.

"చిన్న ఇష్యూ మేడం. పల్లెటూరు కదా, నెట్ చాలా వీక్‌గా ఉంది."

"అవునా? నీ వాయిస్ చాలా క్లియర్‌గా వస్తోందే!"

"అదే మేడం... వాయిస్ వస్తోంది, డేటా రావట్లేదు."

రెండూ ఒకే వైఫై మీద పోతున్నాయని నా బుర్రకి తట్టనే లేదు! కుళ్ళు కళ్ళకే కాదు, చెవులకీ అడ్డం పడుతుందనుకుంటా.

అత్త మళ్ళీ బయటికొచ్చింది. "నాయనా, పిల్లోళ్ళు ఆకలంటున్నారు." వరసగా విస్తళ్ళు వేసినారు, విస్తళ్ళ ముందు జనం కూచున్నారు, నా విస్తరి ముందు మాత్రం ఖాళీ. అంతమంది నా వైపే చూస్తున్నారు. గడియారం రెండు వైపు పోతోంది. టెస్టింగ్ వాళ్ళు లాగిన్ అయ్యేసరికి సిస్టమ్ లేకపోతే, లీడ్ కుర్చీ ఏంది, ఉన్న స్టూలు కూడా పోతుంది. అప్పుడు నాకు దొడ్లోంచి గుర్రుమని శబ్దం వినపడింది.

"మామా, మోటారు ఆపాలి."

"ఏ మోటారు?" అన్నాడు మామ.

"బోరు మోటారే. అది తిరిగితే వోల్టేజ్ పడిపోతుంది, వైఫైకి దెబ్బ."

మామ నన్ను చూసినాడు, దొడ్డి వైపు చూసినాడు. అన్నేళ్ళు ఎదురుచూసిన నీళ్ళు. అయినా పోయి స్టార్టర్ బటన్ నొక్కినాడు. గుర్రు ఆగింది. ధార సన్నబడి, సన్నబడి, ఆగింది. బిందెలు పట్టుకొని వరసలో నిలబడిన ఆడోళ్ళు గుడ్లప్పగించి చూసినారు.

"ఏమైందన్నా? నీళ్ళయిపాయనా?"

"అయ్యో, అప్పుడే ఎండిపోయిందా!"

"పెద్దల్లుడు వచ్చినాడు, నీళ్ళు ఆగినాయి!"

ఆ మాట ఎవరన్నారో గానీ, కాసేపట్లో వీధి చివరిదాకా పోయింది. పై వీధి నుంచి ఒకాయన పరిగెత్తుకుంటూ వచ్చి మామ భుజం మీద చెయ్యేసి ఓదార్చడం మొదలుపెట్టినాడు. స్క్రీన్ మాత్రం కదల్లేదు.

అప్పుడు రంగా ఉల్లిగడ్డ పక్కన పెట్టి, నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడిగినాడు.

"అన్నా, మొదటి స్టెప్‌లో ఏ కార్డు ఆపినావు?"

"పాతదే. ఆపినాక కొత్తది ఆన్ చేయాలి, రెండో కమాండ్ అదే. కొట్టనియ్యట్లేదుగా ఈ దరిద్రపు నెట్!"

"మరి... నువ్వు ఆ మిషన్లోకి లాగిన్ అయింది ఏ కార్డు మీద నుంచి?"

ఎంటర్ మీదున్న వేలు వెనక్కి తీసుకున్నాను.

పాత కార్డు మీద నుంచే! నేను పోయిన దారినే నేను ఆపేసుకున్నాను. రెండో కమాండ్ కొట్టాలంటే లోపలికి పోవాలి, లోపలికి పోవాలంటే రెండో కమాండ్ కొట్టాలి. ముందు కొత్తది ఆన్ చేసి తర్వాత పాతది ఆపాలని, మా టీమ్‌లో నిన్న చేరినోడికి కూడా తెలుసు. స్టెప్స్ రంగా చూసుంటే మొదటి లైనులోనే పట్టుకునేవాడు. అందుకే కదా నేను చూడనియ్యలేదు!

"ఆన్‌కాల్ నేనే గదన్నా, కన్సోల్ నా దగ్గరుంది" అన్నాడు రంగా. కన్సోల్ అంటే మిషన్‌కి వెనక తలుపు లాంటిది, ఆ వారం ఆపద కాపలా ఎవరిదైతే వాళ్ళ దగ్గరుంటుంది. ఈ కార్డులతో దానికి పని లేదు. వాడు తన లాప్‌టాప్ తెచ్చుకొని, ఉల్లిగడ్డ వాసన చేతులతోనే, నా రెండో కమాండ్ టకటకా కొట్టినాడు. నా స్క్రీన్‌కి ప్రాణమొచ్చింది. కోసే సదుపాయం కూడా వాడే ఆన్ చేసినాడు. పెద్ద ఫైలు ఒకటి పంపి చూసినాడు. జామ్మని పోయింది. భారమూ తగ్గింది. నా ఐడియా పనిచేసిందండీ! నా ఐడియా, వాడి చేతుల మీదుగా!

తర్వాత ఇంకా ఘోరం. "మేడం, కేశవ్ అన్న చేంజ్ సక్సెస్ అయింది" అన్నాడు కాల్‌లో. నన్ను కాపాడుతున్నాడు! నన్ను ఇరికించి ఉంటే వారం రోజులు హాయిగా తిట్టుకునేవాణ్ణి. మంచోడుగా ఉండి చంపినాడు.

మేడం నవ్వింది. ఆమె నవ్వడం నేను వినడం అదే మొదలు. "తెలుసు రంగా. కేశవ్ మైక్ మ్యూట్ చేయలేదు, నేనంతా విన్నా. కేశవ్, ముందు పోయి ఆ మోటారు వేయించు."

మోటారు వేసినారు. నీళ్ళొచ్చినాయి. ఓదార్చడానికొచ్చినాయన భోంచేసి పోయినాడు. నేను పద్ధతి ప్రకారం ముందు విస్తరి దగ్గర కూచున్నాను, తల మాత్రం ఎత్తలేదు. మా అత్త ప్రతిసారీ మూలుగ బొక్క పెద్దల్లుడికే వేస్తుంది. ఆ రోజు గరిటె నా విస్తరి దాకా వచ్చి, దాన్ని దాటి, రంగా విస్తరిలో దిగింది. పెళ్ళయినప్పటి నుంచి నాది ఆ బొక్క! రంగా దాన్ని ఎత్తి నా విస్తరిలో వేసినాడు, "అన్నకి ఇష్టం అత్తా" అంటూ. తిన్నానా? తిన్నాను. కుళ్ళుకుంటూనే చివరిదాకా జుర్రుకొని తిన్నాను.

లీడ్ ఎవరైనారో చెప్పక్కర్లేదు కదా. 'ప్లీజ్ అప్రూవ్' మెయిల్ కూడా పెట్టేసినాను. నిమిషంలో అప్రూవ్ చేసినాడు, దొంగ. ఒక్క రోజన్నా నానబెట్టకూడదా, తిట్టుకోవడానికి?

ఆ తర్వాత టీమ్‌లో ఒక కొత్త రూల్ పెట్టినారు. ఎవరు ఏ చేంజ్ చేసినా, నువ్వు ఎక్కి కూచున్న దారినే ఆపుతున్నావా అని ముందు చూసుకోవాలి. దానికి పేరు పెట్టింది సునీత మేడమే. 'కేశవ్ చెక్'.

మొదట్లో చచ్చిపోదామన్నంత సిగ్గేసింది. కానీ వినండి. నా ప్లాన్ టెస్ట్ దాటి అసలు మిషన్ మీదికి ఎక్కకముందే, మొన్న కార్డు తయారుచేసిన వాళ్ళ దగ్గర్నుంచి ఫిక్స్ వచ్చింది. పాత కార్డు బాగయింది. రంగా వర్కరౌండ్‌తో ఇక పనేముంది? తీసేసినారు! మెయిల్స్‌లో ఆ పేరే లేదు. 'కేశవ్ చెక్' మాత్రం ఉంది. రోజూ ఎవడో ఒకడు "కేశవ్ చెక్ అయిందా?" అంటాడు, ఇంకొకడు "అయింది" అంటాడు. ఆ దొరసాని కూడా 'కేషావ్, కేషావ్' అంటోంది. చివరికి గెలిచింది ఎవరు?

మామకి ఈ సంగతి పద్మ చెప్పిందంట. ఆయన మళ్ళీ ఊరంతా చెప్పినాడు. "మా పెద్దల్లుడి పేరు తలుచుకోందే ఆ దేశంలో మిషన్ ముట్టుకోరంట!" నేను సరిదిద్దలేదు. ఎందుకు సరిదిద్దాలి?

అంతా బాగానే ఉంది గానీ, నేను బేస్తవారిపేట పోయిన రోజు మాత్రం మామ పొద్దున్నే మోటారు స్టార్టర్ డబ్బాకి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకొని తిరుగుతున్నాడు.